మెడ తిరగట్లేదు, అమ్మకి నడుం పట్టేసింది. ఇంట్లో చేసుకునే స్ట్రెచింగ్ ఏదైనా చెప్పండి

మధురవాడ_కుర్రాడు · 19 జనవరి, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. పండగ వెళ్ళిపోయింది, మా ఇంట్లో ఇద్దరం నొప్పులతో మిగిలాం.

నాకు 31. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. పగలంతా డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, రాత్రి కాల్స్ ఉంటే మంచం మీదే దిండు ఆనించుకుని. రెండు నెలల నుంచి కుడివైపు మెడ దిగువన, రెక్క ఎముకకి కాస్త పైన ఒక చోట గట్టిపడి ఉంటోంది. వేలితో నొక్కితే గోళీలా తగులుతుంది. మొన్న కార్‌షెడ్ జంక్షన్ దగ్గర బండి మీద యూటర్న్ తీసుకుందామని వెనక్కి చూడబోతే మెడ సగంలో ఆగిపోయింది. వెనక లారీ హారన్ కొడితే గానీ అది అంత దగ్గరికి వచ్చిందని తెలియలేదు. ఇంటికొచ్చాక కూడా చేతులు వణికాయి.

అమ్మకి 58. నెలగంట పెట్టిన రోజు నుంచి రోజూ తెల్లవారకముందే లేచి వాకిట్లో ముగ్గు వేసింది. కనుమ తర్వాతి రోజు రథం ముగ్గు సగంలో ఉండగా నడుం కలుక్కుమంది. ముగ్గు చిప్ప చేతిలో ఉండగానే అలా వంగి నిలబడిపోయింది. నేనూ చెల్లీ చెరోపక్క పట్టుకుని లోపలికి తెచ్చాం. ఇప్పుడు ఇంట్లో తిరుగుతోంది గానీ కుర్చీలోంచి లేచేటప్పుడు పళ్ళు బిగబడుతోంది. నొప్పి కుడి పిరుదు దాకా లాగుతోందట.

మాత్ర వేసుకుంటే ఒక పూట బాగుంటుంది, మళ్ళీ మామూలే. యూట్యూబ్‌లో చూస్తే ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతున్నారు. చేసి గుణం చూసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

ఎంవీపీ_గృహిణి · 19 జనవరి, రాత్రి 11:05

బాబూ, ముందు అమ్మని కింద కూర్చోనివ్వకు, నేల తడిగుడ్డ పెట్టనివ్వకు. వేడినీళ్ళ బ్యాగు పావుగంట నడుం మీద పెట్టుకుంటే కండరం వదులవుతుంది. తువ్వాలు చుట్టి పెట్టండి, చర్మం కాలకుండా. నాకూ ఇదే బాధ మూడేళ్ళుగా ఉంది. ఎవరేం చెబుతారో నేనూ చూస్తుంటాను.

గాజువాక_ఆటో · 20 జనవరి, ఉదయం 6:12

గురూ, మెడకైతే ఇంత ఆలోచనెందుకు? మా వీధి సెలూన్లో తల మసాజ్ చేసి, గడ్డం ఒక చేత్తో పట్టుకుని అటొకసారి ఇటొకసారి టక్ టక్మని విరుస్తాడు. పదిహేనేళ్ళుగా చేయించుకుంటున్నా. అయిదు నిమిషాల్లో ప్రాణం లేచొచ్చినట్టుంటాది.

ఫిజియో_సీతమ్మధార · 20 జనవరి, ఉదయం 7:30

ఆటో అన్నా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, దయచేసి ఇకమీదట అది చేయించుకోకండి. ఇంకొకరికి చెప్పకండి. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాల్లో రెండు మెడ ఎముకల పక్క రంధ్రాల్లోంచే పైకి వెళతాయి. మెడని ఒక్కసారిగా మెలిపెట్టి విరిచినప్పుడు ఆ నాళం లోపలి పొర చీలవచ్చు. అక్కడ గడ్డ కట్టిన రక్తం మెదడుకి చేరితే పక్షవాతం. అరుదే, కానీ జరిగాక వెనక్కి తీసుకురాలేం. ఆ 'టక్' శబ్దంతో వచ్చే హాయి కూడా కాసేపటిదే. బిగుతుకి కారణం అలాగే ఉంటుంది.

మధురవాడ తమ్ముడూ, ఏ స్ట్రెచ్ చెప్పాలన్నా ముందు కొన్ని తెలియాలి. నీకు చేతిలోకి తిమ్మిరి గానీ, పట్టు తగ్గడం గానీ, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవడం గానీ ఉందా? అమ్మగారికి కాలు బలహీనపడి పాదం ఈడ్చుకుపోతోందా? మూత్రం ఆగకపోవడం, లేదా వస్తున్నట్టే తెలియకపోవడం, కూర్చునే చోట మొద్దుబారడం ఉందా? ఇవుంటే ఈ చర్చ వదిలేసి ఆ గంటలోనే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్, ఈమధ్య కిందపడటం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, వీటిలో ఏదున్నా డాక్టరుకి చూపించాకే మిగతావి.

ఇంకో మాట చదివేవాళ్ళందరికీ. మెడ, దవడ, ఎడమ చెయ్యి లాగుతూ చెమట పట్టి ఆయాసం వస్తే అది మెడ నొప్పి అనుకుని వేడి కాపడం పెట్టుకుంటూ కూర్చోవద్దు. గుండె నొప్పి కూడా అలాగే వస్తుంది.

మధురవాడ_కుర్రాడు · 20 జనవరి, మధ్యాహ్నం 1:15

థాంక్సండీ. నాకు తిమ్మిరి లేదు, పట్టు బాగానే ఉంది. అమ్మని అన్నీ అడిగాను. మొద్దుబారడం లేదు, కాలు మామూలుగానే వేస్తోంది. నొప్పి పిరుదు దాటి కిందికి రావట్లేదు. మడమల మీదా, మునివేళ్ళ మీదా నడవమన్నాను, నడిచింది.

ఫిజియో_సీతమ్మధార · 20 జనవరి, రాత్రి 9:20

మంచిది. మడమల మీద నడిపించి చూడటం బాగా చేశావు. ముందు నీ మెడ సంగతి చూద్దాం.

మన తల బరువు సుమారు అయిదు కిలోలు. తల నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు ఎముకల దొంతర మీద నిలుస్తుంది. 2014లో న్యూయార్క్‌లో హన్స్‌రాజ్ అనే వెన్నెముక సర్జన్ లెక్కగట్టిన ప్రకారం, ఫోన్ చూస్తూ తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద భారం 27 కిలోల దాకా పెరుగుతుంది. మన ఇళ్ళల్లో బియ్యం బస్తా 26 కిలోలు కదా, అంత. అది కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్క, మనుషుల నొప్పిని కొలిచింది కాదు. పది నిమిషాలు వంచితే ఏమీ కాదు. అదే వంపులో నాలుగు గంటలు కదలకుండా ఉంటేనే కండరం మొండికేస్తుంది. నీకు గోళీలా తగిలేది మెడ పక్కనుంచి రెక్క ఎముక పైమూలకి దిగే కండరం కావచ్చు. భుజాన్ని పైకెత్తి పట్టుకునేది అదే.

మొదటిది గడ్డం వెనక్కి లాగడం. కుర్చీలో నిటారుగా కూర్చో, చూపు ఎదురుగా. తల పైకీ కిందికీ వంచకుండా గడ్డాన్ని మాత్రం నేరుగా వెనక్కి లాగు, ఎవరో ముక్కు దగ్గరికి వేలు తెస్తే వెనక్కి జరిగినట్టు. గడ్డం కింద మడత పడాలి, మెడ వెనక సన్నగా సాగాలి. అయిదు లెక్కపెట్టి వదులు. పదిసార్లు. చాలామంది గడ్డాన్ని ఛాతీకి ఆనిస్తారు, అది వేరే కదలిక.

రెండోది ఆ గోళీకి. కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చో, భుజం పైకి లేవకుండా ఉండటానికి. తల ఎడమవైపు సగం తిప్పి, అక్కణ్ణుంచి ఎడమ చంక వైపు చూడు. ఎడమ చెయ్యి తల వెనక ఊరికే పెట్టు, చేతి బరువు చాలు, లాగొద్దు. కుడివైపు మెడ దిగువన సరిగ్గా ఆ గోళీ దగ్గర లాగుతుంది. 20 నుంచి 30 సెకన్లు, ఊపిరి వదులుతూ. మూడుసార్లు. ఆ తర్వాత రెండో వైపూ చెయ్యాలి, నొప్పి లేకపోయినా సరే.

మూడోది గుమ్మంలో. రెండు మోచేతులు భుజాల ఎత్తులో ద్వారబంధానికి ఆనించి, ఒక అడుగు ముందుకేసి ఛాతీని గుమ్మం దాటించు. ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్ళకి ఛాతీ ముందు కండరాలు కురచబడి భుజాలు ముందుకి వస్తాయి. మెడ ఒక్కదాన్నే సాగదీసి దీన్ని వదిలేస్తే వారంలో మళ్ళీ మొదటికొస్తుంది. భుజం నొప్పి ఉంటే మోచేతులు ఇంకొంచెం కిందికి పెట్టుకో.

తలని గుండ్రంగా వేగంగా తిప్పడం మాత్రం వద్దు. కళ్ళు తిరిగేవాళ్ళు, పెద్దవాళ్ళు అసలే వద్దు. లాగినట్టుండాలి గానీ గుచ్చినట్టు, జివ్వుమన్నట్టు ఉండకూడదు.

పూర్ణామార్కెట్_టైలర్ · 21 జనవరి, ఉదయం 8:02

ఫిజియో మేడమ్ చెప్పిన ఆ చంకలోకి చూసేది నేను కూడా చేస్తాను, నాకు ఒక ఫిజియో డాక్టరే నేర్పించారు. కుట్టు మిషన్ ముందు తల వంచి, సూది కిందకి చూస్తూ 22 ఏళ్ళు. జాకెట్లకి హుక్కులు వేసేటప్పుడు ఇంకా ఘోరం, వస్తువు చిన్నది, చూపు దగ్గర.

నేను చేసిన మార్పు ఒక్కటే చెబుతాను. బాబిన్ దారం అయిపోయిన ప్రతిసారీ మిషన్ దగ్గర్నుంచి లేస్తాను. కొత్త బాబిన్ తెచ్చుకునేలోపు గోడకి వీపు, తల ఆనించి గడ్డం పదిసార్లు లాగుతాను. టైము చూసుకుని చెయ్యమంటే మనం చెయ్యం. పనిలోనే ఒక గుర్తు పెట్టుకుంటే చేస్తాం. సాఫ్ట్‌వేర్ బాబుకి కూడా అలాంటిది ఏదైనా ఉంటాది, కాల్ అయిపోవడమో, మంచినీళ్ళ సీసా ఖాళీ అవడమో.

కూర్మన్నపాలెం_పెద్దాయన · 21 జనవరి, ఉదయం 10:45

బాబూ, నేను ఫ్యాక్టరీలో ఓవర్‌హెడ్ క్రేన్ నడిపి రిటైరయ్యాను. క్యాబిన్ పైన ఉంటుంది, హుక్కు కింద ఎక్కడో. కింద సిగ్నల్ ఇచ్చే మనిషి చెయ్యి కనపడాలంటే సీట్లో ముందుకి జరిగి, మెడ వంచి, రెండు మోకాళ్ళ మధ్య నుంచి కిందికి చూడాలి. షిఫ్టు ఎనిమిది గంటలూ అంతే. ఒక చేత్తో ఒక లివర్, రెండో చేత్తో ఇంకోటి, కాబట్టి చేతుల మీద బరువు పెట్టడానికి కూడా ఉండదు. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే మెడ ఎత్తి టీవీ చూడలేకపోయేవాణ్ణి. నా ఈడువాళ్ళు చాలామంది మెడకి కాలర్ వేసుకుని తిరిగేవారు. నేనూ ఏడాది వేసుకున్నాను. వేసుకున్నంతసేపు హాయి, తీస్తే తల నిలబెట్టలేనంత నీరసం. ఆ కండరం పని చెయ్యడం మర్చిపోయింది.

నన్ను బాగు చేసింది కాలర్ కాదు. ఒక పాత ఫోర్‌మన్ నేర్పించిన అలవాటు. బరువు దించాక తర్వాతి సిగ్నల్ వచ్చేలోపు నిమిషమో రెండు నిమిషాలో ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో సీట్లో వెనక్కి జరిగి, తల వెనక రెండు చేతులూ అల్లుకుని, మోచేతులు విప్పి, షెడ్డు పైకప్పు చూసేవాణ్ణి. నెమ్మదిగా, మూడు ఊపిర్లు. తర్వాత అరచెయ్యి నుదుటికి ఆనించి, తలని చేతి మీదకి, చేతిని తల మీదకి సమానంగా నొక్కడం, తల కదలకూడదు. అలాగే వెనక్కీ, రెండు పక్కలకీ. దీనితో మెడలో బలం తిరిగొచ్చింది. ఆఖరి ఏడేళ్ళు ఒక్క మాత్ర లేకుండా షిఫ్టు చేశాను.

పగలంతా కిందికి చూసేవాడికి విరుగుడు పైకి చూడటమే. ఇది నా శరీరం మీద నేను నేర్చుకున్న సంగతి.

ఫిజియో_సీతమ్మధార · 21 జనవరి, మధ్యాహ్నం 2:10

పెద్దాయన గారూ, మీరు రాసింది మా విద్యార్థులకి చదివి వినిపించాలనుంది. చేత్తో తలని అడ్డుకుంటూ నొక్కడం చాలా మంచి వ్యాయామం. సాగదీస్తే కాసేపు వదులవుతుంది, బలం వస్తేనే ఆ వదులు నిలుస్తుంది. నొక్కేది పూర్తి బలంతో కాదు, పావు వంతు చాలు, ఊపిరి బిగబట్టకుండా. బీపీ ఉన్నవాళ్ళకి ఇది ముఖ్యం.

లాసన్స్‌బే_యోగా · 21 జనవరి, సాయంత్రం 5:30

యోగా సాధన పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. 2025 జూన్ 21న ఆర్‌కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా చేసిన యోగా దినోత్సవంలో మా బృందం కూడా కూర్చుంది. ఆ రోజు వరసలో కూడా మొదట గ్రీవా చాలనమే, అంటే మెడ కదలికలు. మన దగ్గర ఉన్నదాన్ని వదిలి కొత్త పేర్లు వెతుక్కోనక్కర్లేదు. అమ్మగారికి ఉదయం లేవగానే పరగడుపున పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం (నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి, రెండూ ముందుకి వంగేవే) చేయించండి. వెన్ను మొత్తం సాగుతుంది. నెల రోజుల్లో తేడా తెలుస్తుంది.

ఫిజియో_సీతమ్మధార · 21 జనవరి, రాత్రి 9:45

యోగా గారూ, ఆసనాలంటే నాకూ ఇష్టమే, కానీ ఈ అమ్మగారికి ఈ రెండూ, అందులోనూ లేవగానే, వద్దని గట్టిగా చెబుతాను. కారణం వివరంగా రాస్తాను, అమ్మగారి నడుం ఎందుకు పట్టేసిందో కూడా అందులోనే ఉంది.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులకి పెద్దయ్యాక నేరుగా రక్తనాళాలు ఉండవు. రాత్రి పడుకున్నప్పుడు బరువు తగ్గి చుట్టుపక్కల నుంచి నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న మన ఎత్తు రాత్రికన్నా సెంటీమీటరు, ఒకటిన్నర ఎక్కువ ఉంటుంది. లేచి తిరగడం మొదలుపెట్టిన మొదటి గంటలోనే ఆ ఎక్కువలో సగం దాకా తగ్గిపోతుంది. అంటే తెల్లవారుజామున డిస్కు నీళ్ళు నిండిన తిత్తిలా బిగుసుకుని ఉంటుంది. అప్పుడు నడుం వంచితే దాని మీదా, చుట్టూ ఉన్న తాళ్ళలాంటి బంధకాల మీదా ఒత్తిడి మిగతా రోజుకన్నా బాగా ఎక్కువ. 1998లో అమెరికాలో స్నూక్ అనే పరిశోధకుడి బృందం, ఎన్నాళ్ళుగానో నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఒక్కటే నేర్పింది. లేచిన మొదటి రెండు గంటలు నడుం వంచే పనులు వీలైనంత మానెయ్యమని. అంతమాత్రానికే వాళ్ళకి నొప్పి ఉన్న రోజులు తగ్గాయి.

ఇప్పుడు అమ్మగారి ధనుర్మాసం గుర్తు తెచ్చుకోండి. మంచం దిగిన పావుగంటకే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, మోకాళ్ళు వంచకుండా నడుం మడిచి ముప్పావుగంట ముగ్గు. నెల రోజులు. రథం ముగ్గు ఆఖరి రోజుది మాత్రమే. ముగ్గు మానమని నేను చెప్పను. లేచాక ఇంట్లో అరగంట, ముప్పావుగంట తిరిగి, కాఫీ తాగి, అప్పుడు వెయ్యాలి. చిన్న పీట మీద కూర్చుని జరుగుతూ వెయ్యాలి, లేదా ఒక మోకాలు నేలకి ఆనించి. ప్రతి పది నిమిషాలకీ లేచి, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని అయిదుసార్లు వెనక్కి వంగాలి.

లాసన్స్‌బే_యోగా · 22 జనవరి, ఉదయం 6:50

డిస్కుల సంగతి ఇంత వివరంగా నాకు తెలియదు. మా గురువుగారు కూడా నడుం నొప్పి ఉన్నవాళ్ళని ముందుకి వంచేవారు కాదు, బోర్లా పడుకుని చేసే భుజంగాసనం, మకరాసనం ఇచ్చేవారు. నేను తొందరపడి రాశాను. అమ్మగారూ, నేను చెప్పినవి చెయ్యకండి. పైపోస్టు తీసేద్దామనుకున్నా గానీ మేడమ్ జవాబు అర్థం కావాలంటే ఉండాలి కాబట్టి ఉంచుతున్నాను.

ఫిజియో_సీతమ్మధార · 22 జనవరి, రాత్రి 8:40

ధన్యవాదాలండీ. మీరు చెప్పిన భుజంగాసనం దగ్గరికే వస్తున్నాను.

1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి నడుం నుంచి కాలిలోకి నొప్పి ఉన్న రోగి వచ్చాడు. వెళ్ళి బోర్లా పడుకోమన్నారు. అంతకుముందు వచ్చిన రోగి కోసం బల్ల తలవైపు ఎత్తి ఉంది, ఈయన దాని మీదే పడుకున్నాడు. నడుం వెనక్కి వంగి కొన్ని నిమిషాలు అలాగే ఉండిపోయాడు. మెకెంజీ వచ్చి చూసి కంగారుపడితే, రోగి మాత్రం వారాల తరబడి ఇంత హాయిగా లేనన్నాడు. కాలిలో నొప్పి పోయింది. ఎటు కదిలితే నొప్పి తగ్గుతుందో వెతికి, ఆ వైపే వ్యాయామం ఇవ్వాలన్న పద్ధతి అక్కణ్ణుంచి పెరిగింది.

తమ్ముడూ, అమ్మగారిని అడుగు. కూర్చుంటే, వంగితే ఎక్కువై, నడిస్తే, నిలబడితే తగ్గుతుందా? అలాగైతే ముందు రెండు మూడు నిమిషాలు ఊరికే బోర్లా పడుకోబెట్టు. బాగుంటే మోచేతుల మీద లేచి రెండు నిమిషాలు. అదీ బాగుంటే అరచేతులు భుజాల దగ్గర పెట్టి, తుంటి నేలకే ఉంచి, పైభాగాన్ని చేతులతో మెల్లగా ఎత్తి దించాలి, పదిసార్లు. నడుం కండరాలు వదులుగా ఉండాలి, పనంతా చేతులదే. నొప్పి పిరుదు నుంచి నడుం మధ్యకి జరుగుతూ ఉంటే, నడుం దగ్గర కాస్త ఎక్కువ అనిపించినా, మంచి సూచన. తొడలోకి, పిక్కలోకి దిగుతుంటే వెంటనే ఆపి డాక్టరుకి చూపించండి.

అక్కయ్యపాలెం_అబ్బాయి · 23 జనవరి, ఉదయం 9:15

మేడమ్, మా నాన్నగారిది దీనికి పూర్తిగా తిరగబడింది. 71 ఏళ్ళు. బీచ్ రోడ్డు మీద నాలుగు బెంచీల దూరం నడిస్తే రెండు కాళ్ళూ బరువెక్కి లాగేస్తాయి. బెంచీ మీద ముందుకి వంగి కూర్చుంటే రెండు నిమిషాల్లో పోతుంది. వెనక్కి వంగమంటే అరుస్తారు. భుజంగాసనం చేయించమన్నారెవరో, చేయిస్తే ఆ రోజంతా పడుకునే ఉన్నారు.

ఫిజియో_సీతమ్మధార · 23 జనవరి, మధ్యాహ్నం 1:00

ఇక చేయించకండి. మీరు చెప్పిన గుర్తులు వెన్నులో నరాలు వెళ్ళే దారి ఇరుకైనప్పుడు ఉంటాయి. వెనక్కి వంగితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది, ముందుకి వంగితే తెరుచుకుంటుంది. ఎముకల డాక్టరుకి చూపించి, కాళ్ళలో రక్తప్రసరణ కూడా చూడమనండి, అక్కడ లోపమున్నా నడిస్తే ఇలాగే లాగుతుంది. ఈలోగా వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలు ఛాతీ వైపు తెచ్చుకుని 20 సెకన్లు ఉంచడం, స్టాండు వేసిన సైకిల్ తొక్కడం ఆయనకి హాయినిస్తాయి. ఎముకలు బాగా గుల్లబారాయని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ముందుకి మడిచేవి చేయించకూడదు.

అందుకే ఒకరికి తగ్గిన వీడియో ఇంకొకరికి పంపేముందు ఈ ప్రశ్నలు అడగమంటాను.

ఎంవీపీ_గృహిణి · 23 జనవరి, రాత్రి 10:20

నాకు ఎమ్మారై తీయించారు. ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్, అంటే నడుం దిగువ ఎముకల మధ్య డిస్కు ఉబ్బిందని రాశారు. అది చూసినప్పట్నుంచి వంగాలంటే భయం. మూడేళ్ళుగా బెల్టు తియ్యలేదు. మా మనవరాలిని ఎత్తుకోలేదు. దానికి రెండేళ్ళు నిండాయి, ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

ఫిజియో_సీతమ్మధార · 24 జనవరి, ఉదయం 7:10

అమ్మా, ఈ సంగతి మీకు ఎవరో ముందే చెప్పి ఉండాల్సింది. 2015లో ఒక సమీక్ష వచ్చింది. అసలు నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్‌లు అందులో ఉన్నాయి. ఇరవై ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి, యాభై ఏళ్ళవాళ్ళలో 60 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. ఏ నొప్పీ లేకుండా. జుట్టు నెరిసినట్టే అది కూడా. మీ నొప్పి నిజం, కానీ ఆ రెండు పదాలే దానికి కారణమని తేల్చలేం.

బెల్టు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, అవగాహన ఉన్నాయి. మామూలు వైద్యంగా బెల్టు, ట్రాక్షన్ (బరువులతో నడుం లాగి పట్టడం) వద్దని ఉంది. పెద్దాయన గారి కాలర్ కథ మీ నడుం కథే. ఒక్కరోజులో తీసెయ్యకండి, రోజుకి ఒక గంట చొప్పున తగ్గించండి.

బెల్టు తీసిన ఆ గంటలో చేతులు, మోకాళ్ళ మీద ఉండి వీపుని పిల్లిలా పైకి గుండ్రంగా లేపి, మెల్లగా దించండి. ఆరేడుసార్లు చాలు, చివరిదాకా సాగదీయక్కర్లేదు. తర్వాత అదే భంగిమలో ఒక చెయ్యి ముందుకి, ఎదుటివైపు కాలు వెనక్కి చాచి ఎనిమిది సెకన్లు ఉంచండి. వీపు మీద నీళ్ళ చెంబు పెడితే తొణకనట్టుండాలి. కెనడాలో స్టువర్ట్ మెక్‌గిల్ అనే ఆచార్యుడు నడుం నొప్పివాళ్ళకి ఇచ్చే మూడు ముఖ్యమైన వ్యాయామాల్లో ఇదొకటి. రెండు మూడు వారాలు చేశాక రెండు కిలోల పంచదార సంచీ మోకాళ్ళు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తడం మొదలుపెట్టండి. మెల్లమెల్లగా మనవరాలి బరువు దాకా వెళదాం.

గాజువాక_ఆటో · 24 జనవరి, రాత్రి 9:30

మేడమ్, సెలూన్లో విరిపించడం ఆపేశాను. నడుం సంగతి కూడా చెప్పండి. స్టీరింగ్ మీదకి వంగి రోజుకి పదకొండు గంటలు. దిగి నిలబడితే నడుం నిటారుగా రాదు, నాలుగడుగులు వేస్తే గానీ సర్దుకోదు.

ఫిజియో_సీతమ్మధార · 25 జనవరి, ఉదయం 7:25

అన్నా, చాలా సంతోషం. మీకు తుంటి ముందు కండరం కురచబడింది. అది నడుం ఎముకల నుంచి తొడ ఎముక దాకా ఉంటుంది, గంటలకొద్దీ కూర్చుంటే మడతలోనే ఉండిపోతుంది. లేచినప్పుడు అది నడుముని ముందుకి లాగుతుంది. స్టాండులో ఆటో పెట్టినప్పుడు ఒక పాదం మెట్టు మీద పెట్టి, రెండో కాలు వెనక్కి చాచి, వెనక కాలి పిరుదు బిగించి తుంటిని ముందుకి నెట్టండి. తొడ పైభాగంలో లాగాలి. అరనిమిషం, రెండు వైపులా. నడుం వెనక్కి విరవకండి.

వెనక జేబులో పర్సు ఉంటే తీసి ముందు జేబులో పెట్టుకోండి. దాని మీద కూర్చుంటే ఒక పిరుదు రోజంతా ఎత్తులో ఉంటుంది, కింద నరం నలుగుతుంది.

మధురవాడ_కుర్రాడు · 9 ఫిబ్రవరి, రాత్రి 10:15

మూడు వారాలైంది. చెప్పినవాళ్ళందరికీ చెప్పాలి కదా అని వచ్చాను.

ల్యాప్‌టాప్ కింద రెండు పాత పప్పు డబ్బాలు పెట్టి కళ్ళ ఎత్తుకి తెచ్చాను, కీబోర్డు వేరే కొన్నాను. మంచం మీద పని మానేశాను. టైలర్ గారి మాట బాగా పనికొచ్చింది. కాల్ కట్ చేసిన ప్రతిసారీ వంటింటి గుమ్మంలోకి వెళ్ళి ఛాతీ స్ట్రెచ్. మొదటి వారం ఏమీ తేడా లేదు, మానేద్దామనుకున్నా. పదో రోజున స్నానం చేసి తల తుడుచుకుంటుంటే కుడి చెవి వెనకదాకా చెయ్యి నొప్పి లేకుండా వెళ్ళింది. నిన్న అదే కార్‌షెడ్ జంక్షన్లో వెనక్కి తిరిగి వస్తున్న బస్సు నంబరు చదివాను. గోళీ ఇంకా ఉంది, సగమైంది.

అమ్మకి మీరు అడిగినట్టే, కూర్చుంటే ఎక్కువ, నడిస్తే తక్కువ. మొదటి రోజు బోర్లా పడుకోవడానికే భయపడింది, పొట్ట కింద పల్చటి దిండు పెట్టాం. అయిదో రోజుకి మోచేతుల మీదకి లేచింది. నొప్పి పిరుదులోంచి నడుం మధ్యకి వచ్చిందని చెబితే కంగారుపడ్డాను, తర్వాత మీ పోస్టు మళ్ళీ చదివాను. రథసప్తమి నాడు పొయ్యి గట్టు దగ్గర నిలబడే పరవాన్నం వండింది. ఇప్పుడు కుర్చీలోంచి లేస్తే చప్పుడు లేదు.

ఒక్క సందేహం. ఆదివారం శివరాత్రి. అమ్మ జాగారం చేస్తానంటోంది. గుళ్ళో నేల మీద రాత్రంతా కూర్చోవాలి. వద్దంటే బాధపడుతుంది. ఏం చెయ్యమంటారు?

ఎంవీపీ_గృహిణి · 9 ఫిబ్రవరి, రాత్రి 10:50

నీ పోస్టు చదివి ఎంత హాయిగా ఉందో బాబూ. నాకు బెల్టు ఇప్పుడు పూటకి రెండు గంటలే. పంచదార సంచీ దగ్గరే ఉన్నాను.

ఫిజియో_సీతమ్మధార · 10 ఫిబ్రవరి, ఉదయం 6:55

తమ్ముడూ, జాగారం చెయ్యనివ్వు. మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్ళు, నడుం వంపులో చుట్టిన తువ్వాలు పెట్టు. అరగంటకి మించి ఒకే చోట కూర్చోకూడదు. లేచి గుడి చుట్టూ ఒక ప్రదక్షిణ, ఆగిన చోట నడుం మీద చేతులు పెట్టుకుని అయిదుసార్లు వెనక్కి. అభిషేకం నీళ్ళ బిందె ఎత్తేది నువ్వే. తెల్లారాక ఇంటికొచ్చి నిద్రపోతారు కదా, మధ్యాహ్నం లేచినా సరే, లేచిన మొదటి గంట వంగే పని ఏదీ పెట్టుకోవద్దని గుర్తు చెయ్యి. డిస్కుకి గడియారం తెలియదు, ఎంతసేపు పడుకున్నామన్నదే తెలుస్తుంది.

కూర్మన్నపాలెం_పెద్దాయన · 10 ఫిబ్రవరి, ఉదయం 9:20

బాబూ, గోళీ పూర్తిగా కరిగాక కూడా ఆ గుమ్మం మానకు. నేను క్రేన్ దిగి ఎన్నాళ్ళో అయింది, ఇప్పటికీ పొద్దున్న పేపరు చదివాక పైకప్పు చూస్తాను, మూడు ఊపిర్లు.